నల్లవైపు తిరిగిన బిళ్ళ

రేడియో గదికి కిటికీ లేదు. ఒక బల్ల, దానిమీద రేడియో, దాని ముందు ఒక కుర్చీ. ఎదురుగోడకి వరసగా ఆరు మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో రేకుబిళ్ళ. బిళ్ళకి ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు.

డిటెక్టివ్ కూర్చోలేదు. రెండో కుర్చీ ఉంటే కూర్చునేవాడేమో.

"మా దగ్గరికి ఎవరూ రారు సార్. అందుకే వెయ్యలేదు," అంది ఆపరేటర్. నడివయసు మనిషి. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు మెడలో వేలాడేసుకుని, అవి పూలదండ అన్నంత మామూలుగా కూర్చుంది.

ఆమె చెప్పిందాన్నిబట్టి అడవిలో ఆరు కాపలా టవర్లున్నాయి. ఎండలు ముదిరినప్పట్నుంచి వానలు నిలదొక్కుకునేదాకా ఒక్కో టవర్లో ఒక్కో మనిషి ఉంటాడు. ఎక్కడ పొగ లేచినా చూసి చెప్పడం వాళ్ళ పని. ఆ కొండల్లో సెల్‌ఫోన్ పలకదు. రేడియో ఒక్కటే ఆధారం. ఆరు టవర్లకీ ఒకటే లైను కాబట్టి ఒకరి మాట అందరికీ వినిపిస్తుంది. రోజూ సాయంత్రం ఆమె వరసగా నంబర్లు పిలుస్తుంది. వాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే.

"ఏమంటారు?"

"ఉన్నాను, అంటారు. అంతే సార్. కొందరు వారాల తరబడి ఆ ఒక్కమాట తప్ప ఇంకోటి మాట్లాడరు."

డిటెక్టివ్‌కి తన ఇంటి గుమ్మం గుర్తొచ్చింది. పెళ్ళయినప్పట్నుంచీ సాయంత్రం చెప్పులు విప్పుతూ "వచ్చాను" అంటాడు. లోపల్నుంచి ఆవిడ "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినపడకపోతే తను వచ్చినట్టా, రానట్టా? ఎప్పుడూ ఆలోచించలేదు.

బిళ్ళల సంగతి అడిగాడు. ఉరుములు దగ్గరికొచ్చినప్పుడు టవర్లో రేడియోకున్న ఏరియల్ తీగ ఊడదీసి కొక్కేనికి తగిలించాలట. లేకపోతే పిడుగు తీగవెంట లోపలికొస్తుంది. తీసే ముందు ప్రతివాళ్ళూ "తీగ తీసేస్తున్నా" అని చెబుతారు. ఇక్కడ ఆ నంబరు బిళ్ళ నల్లవైపుకి తిరుగుతుంది. ఉరుములు వెళ్ళాక తీగ తగిలించి మళ్ళీ పలికితే తెల్లవైపుకి వస్తుంది. వివరం చెబుతుండగానే రేడియో గరగరమంది. "రెండో టవర్. ఉన్నాను," అంది ఒక ముసలి గొంతు. ఆపరేటర్ మాట ఆపకుండా, తల తిప్పకుండా, చెయ్యి మాత్రం చాచి నల్లగా ఉన్న రెండో బిళ్ళని తెల్లవైపుకి తిప్పింది.

డిటెక్టివ్ ఆ చేతిని చూశాడు. అప్పటికి అది అతనికి చెయ్యిలాగే కనిపించింది, ఆధారంలా కనిపించలేదు.

అతను వచ్చింది ఐదో టవరు మనిషి కోసం.

ఆ అడవి ప్రభుత్వ భూమి. చెట్టు కొట్టకూడదు, గుంట తవ్వకూడదు అని ఎప్పుడో రక్షణ కల్పించిన చోటు. ఇప్పుడు దాని కింద ఖనిజం ఉందని, ఎవరూ అడుగుపెట్టని అడవికి రక్షణ దేనికని ఒక గనుల కంపెనీ అర్జీ పెట్టింది. విచారణ సంఘం రేపు పొద్దున్న ఆఖరిసారి కూర్చుని తేల్చేస్తుంది. ఆ సంఘం ముందు కంపెనీకి ఎదురుచెప్పిన సాక్షి ఒకే ఒక్కడు. రక్షిత అడవి లోపలే దొంగచాటుగా యంత్రం పెట్టి నేల తొలిచి చూస్తున్నారని, చీకటిపడ్డాక దాని వెలుగు తన కళ్ళతో చూశానని ఐదో టవరు మనిషి చెప్పాడు. చోటు ఎక్కడో దిక్కు కొలుచుకొచ్చి చెబుతానని టవరుకి తిరిగెళ్ళాడు. కొలిచే ఉంటాడు. చెప్పలేదు. ఒక వాన సాయంత్రం టవరుమీద నుంచి పడి చనిపోయాడు.

ఒంటరితనంతో మతి చలించి దూకేశాడని పోలీసులు తేల్చారు. మతి చలించినవాడు చూసిన వెలుగులు వెలుగులు కావు. పోలీసు నివేదిక సాయంత్రంలోగా సంఘానికి చేరితే ఆ సాక్ష్యం కొట్టేస్తారు. తరవాత అడవి మాట మాట్లాడేవాళ్ళు లేరు.

నిన్న అతని అక్క డిటెక్టివ్ ఇంటికి వచ్చింది. బట్టలు సరిచేసే కొట్లో పని. కొలతల టేపు మెడలోంచి తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చింది. ఏడవలేదు.

"మా తమ్ముడికి మనుషులంటే పడదని రాశారు అన్నయ్యగారూ. పడకపోవడం కాదు. పదిమంది ఒకేసారి మాట్లాడితే వాడికి ఏదీ వినపడదు. ఒక్కళ్ళు మాట్లాడితే ప్రాణం పెట్టి వింటాడు. పిచ్చివాడు కాదు. ఆ ఒక్కమాటా తియ్యించండి చాలు."

డిటెక్టివ్ ఆపరేటర్ వైపు తిరిగాడు. ఆ సాయంత్రం గురించి అడిగాడు.

ఆమె డ్యూటీ ఎక్కేసరికి అడవిమీద అప్పటికే వాన. అంతకుముందున్న ఆపరేటర్ బస్సు దొరకదని గొడుగు పట్టుకుని హడావిడిగా వెళ్ళిపోయాడు. కాసేపటికి రేడియో పలికింది.

"ఏమన్నాడో అన్నట్టుగా చెప్పమ్మా."

ఆమె గోడవైపు చూస్తూ చెప్పింది. "ఐదో టవర్. నాకిక్కడ ఎవరూ లేరు. ఇంక నావల్ల కాదు. వెళ్ళిపోతున్నా."

"గొంతు అతనిదేనా?"

"వానలో గరగర తప్ప గొంతు తెలీదు సార్. నంబరు చెప్పాడు కదా అని..." ఆగింది. "నేనేమన్నానో తెలుసా సార్? సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను. ఒక మనిషి అలాంటి మాటంటే నేను మళ్ళీ చెప్పమన్నాను."

డిటెక్టివ్ ఆ మాట ఇంకెవరు విన్నారని అడిగాడు. వానకి మిగతా టవర్లన్నీ తీగ తీసేశాయి. టవర్లు కాక ఈ లైనుమీద ఉన్నది రేంజరుగారి జీపులో సెట్ ఒక్కటే. ఆయన విని, ఆయనే ముందుగా పోలీసులకి కబురు పెట్టారు.

*

రేంజరు మెత్తని మనిషి. టవరు తెరిచి ఉంచమని పోలీసులకి తనే కబురు పెట్టాడు, జీపులో తనే తీసుకెళ్ళాడు. దారిలో ఫ్లాస్కులో టీ పోసి, మూత తుడిచి మరీ అందించాడు. చనిపోయినవాడిని ఊళ్ళోకి బదిలీ చేయిస్తానని ఎన్నిసార్లు అడిగాడో చెప్పాడు. వినలేదట.

"అన్నేళ్ళు ఒక్కడే ఉంటే మనిషి మనిషిలా ఉండడు సార్. చెట్లతో మాట్లాడేవాడని విన్నాను."

"జవాబు వచ్చేదనేవాడా?"

రేంజరు నవ్వాడు. "అది మాత్రం అనలేదు."

"అయితే ఫరవాలేదు. నేనూ రోజూ దేవుడితో మాట్లాడతాను. నాకూ జవాబు రాదు."

టవరు కింద జీపు ఆగింది. నాలుగు ఇనప కాళ్ళమీద ఆకాశంలోకి లేచిన ఒక అద్దాల గది. పైదాకా మెలికలు తిరిగిన ఇనప మెట్లు. పక్కనే పోలీసు జీపు ఉంది. రేంజరు మోకాలు పట్టుకుని, నొప్పివల్ల మెట్లెక్కలేనని, కిందే ఉంటానని చెప్పాడు. పడమట మబ్బు పట్టింది, త్వరగా వచ్చెయ్యమన్నాడు.

మెట్లు గది చుట్టూ ఉన్న సన్నని వసారాలోకి తెరుచుకుంటాయి. వసారాకి ఛాతీ ఎత్తున ఇనప కమ్మీలు. మెట్లు వచ్చేచోట మాత్రం కమ్మీ ఉండదు, ఒక గొలుసు అడ్డం. మనిషి పడింది అక్కడినుంచే.

లోపల ఇన్‌స్పెక్టర్ అద్దానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ పోలీసు ఉద్యోగంలో ఉండగా అతని కింద పని నేర్చుకున్నవాడు.

"రండి గురువుగారూ. ముందు దణ్ణం పెట్టుకోండి. తరవాత మాట్లాడదాం."

వెక్కిరింపుకి అన్నా డిటెక్టివ్ అదే చేశాడు. చనిపోయినవాడి గదిలోకి వెళ్ళేముందు గుమ్మంలో కళ్ళు మూసుకోవడం అతనికి అలవాటు. తరవాత గది చూశాడు. మడిచిన పరుపు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా. గోడకి ఒకే ఒక్క బట్టల మేకు. ఇంకొకరు వస్తే నీళ్ళివ్వడానికి రెండో గ్లాసు ఆ గదిలో లేదు. రేడియో ఒక మూల. గది మధ్యలో నడుమెత్తు బల్ల. బల్ల పక్కన ఒక పొట్టి చెక్క పీట, దాని నాలుగు కాళ్ళకీ మందపాటి గాజు బిరడాలు. పీట పక్కన, మొనలు పీటవైపు ఉండేలా పెట్టిన జోళ్ళు.

"అవిగో," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దూకేవాడు చెప్పులు విడిచి దూకుతాడు. ఎన్ని కేసులు చూశాం మనిద్దరం."

డిటెక్టివ్ ఒక జోడు తిరగేశాడు. అడుగున కొండలెక్కడానికి కొట్టించుకున్న ఇనప మేకులు. పీటని వేలితో తట్టాడు.

"ఈ పీట దేనికో తెలుసా?"

"కూర్చోడానికి."

"నిలబడ్డానికి. పిడుగులు పడేటప్పుడు ఇనప టవర్లో ఉన్న మనిషి దీనిమీద నిలబడతాడు. గాజులోంచి కరెంటు పోదు. ఎక్కేముందు ఒంటిమీద ఇనుము ఉండకూడదు. అందుకని మేకుల జోళ్ళు విప్పాడు. చూడు, పీట ఎక్కేవాడు విప్పినట్టే ఉన్నాయి. దూకేవాడైతే వసారాలో విప్పేవాడు."

"ఎక్కాడు, దిగాడు, దూకాడు."

"పిడుగు మీద పడుతుందేమోనని గాజు పీట ఎక్కి బిక్కుబిక్కుమంటూ నిలబడ్డవాడు ఆ కాసేపట్లోనే చావడానికి దిగుతాడా?"

ఇన్‌స్పెక్టర్ భుజాలు ఎగరేశాడు. మనసు కుదురుగా లేనివాడి లెక్కలు మనకెందుకన్నాడు. మధ్యనున్న బల్ల దగ్గరికి నడిచాడు. బల్లమీద అడవి మ్యాపు, దాని చుట్టూ ఇత్తడి చక్రం, చక్రంమీద ఎదురెదురుగా రెండు నిలువు రేకులు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

"పొగ దిక్కు కొలిచే చక్రం. ఆఖరిసారి ఎటు తిప్పాడో చూడండి. పొడుగు రేకు ఊరివైపు. వాళ్ళక్క ఇల్లు అటే. ఇంటివైపు చూసుకుని పోయాడు పాపం. నివేదికలో ఇదీ రాశాను."

డిటెక్టివ్ వంగి రెండు రేకుల్నీ చూశాడు. పొడుగు రేకులో సన్నని చీలిక. పొట్టి రేకులో నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక.

"నువ్వు తుపాకీ గురి పెట్టేటప్పుడు కన్ను మడమ దగ్గర పెడతావా, గొట్టం చివర పెడతావా?"

ఇన్‌స్పెక్టర్ రేకులవైపు వంగాడు.

"చీలిక కంటికి. వెంట్రుక చూడాల్సిన చోటికి. అతను ఊరికి వీపు పెట్టి నిలబడ్డాడు." డిటెక్టివ్ అలాగే ఊరికి వీపు పెట్టి, చీలికకి కన్ను ఆనించాడు.

అడవి, అడవి వెనక అడవి. అంత పచ్చదనంలో వెంట్రుక చీల్చినచోట, రెండు కొండల నడుమ ఒక మరక. పసుపుకీ గోధుమరంగుకీ మధ్య. నిలబడ్డ చెట్టు ఆకు అలా వాడదు. కొట్టిన కొమ్మలు తెచ్చి దేనిమీదో కప్పితే వాడుతుంది.

"చూడు."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేటప్పటికి గొంతులో మునుపటి హుషారు లేదు. అయినా ఒప్పుకోలేదు. అక్కడ యంత్రం ఉంటే అది అడవి శాఖ గొడవ అన్నాడు. మనిషి దూకాడా, తోశారా అన్నదే తన గొడవ. దూకేముందు తన నోటితో రేడియోలో చెప్పాడు. అంతకన్నా ఏం కావాలి?

"మీరు శవం కోసం వచ్చిన పొద్దున్న ఈ రేడియోలో మాట్లాడారా?" అన్నాడు డిటెక్టివ్.

"ప్రయత్నించాం. పలకలేదు. పిడుగుకి కాలిపోయి ఉంటుంది. మనిషిని పంపి స్టేషనుకి కబురు చేశాం."

డిటెక్టివ్ రేడియో వెనక్కి చెయ్యి పెట్టాడు. తీగ లేదు. గోడమీద పింగాణీ కొక్కేనికి చుట్టి, చివర ముడివేసి తగిలించి ఉంది. తాపీగా, పద్ధతిగా.

"పలకని రేడియోలో అతనెలా మాట్లాడాడు?"

ఒక క్షణం ఇద్దరూ ఆ తీగవైపే చూశారు. ఇన్‌స్పెక్టర్ తేరుకున్నాడు. అతను తెలివితక్కువవాడు కాదు, డిటెక్టివ్ ఆ సంగతి ఎప్పుడూ మరిచిపోలేదు.

"ముందు మాట్లాడాడు. తరవాత తీగ తీశాడు. అలవాటు గురువుగారూ. చచ్చేవాడు కూడా గ్యాస్ కట్టేసి చస్తాడు. తీగ ముందే తీశాడని, ఆ తరవాతే మాట వచ్చిందని చెప్పే మనిషిని చూపించండి, నివేదిక నేనే చింపేస్తాను. సాయంత్రం దాకా నా బల్లమీద ఉంటుంది. ఆ తరవాత నా చేతిలో ఉండదు."

"సాయంత్రం దాకానా?"

"పైనుంచి ఫోన్లు వస్తున్నాయి. మీ రోజుల్లో రాలేదా?" ఆ మాట అంటున్నప్పుడు అతను డిటెక్టివ్ కళ్ళలోకి చూడలేదు. టోపీ పెట్టుకున్నాడు. "మబ్బు కమ్ముకొస్తోంది. నా జీపులో రండి."

"నువ్వు పద. నాకు కాస్త పనుంది. కింద రేంజరు ఉన్నాడుగా."

ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు మెట్లు దిగింది. పోలీసు జీపు చెట్లలోకి పోయింది. ఆ తరవాత చప్పుడన్నది లేదు.

*

డిటెక్టివ్ మడిచిన పరుపుమీద కూర్చున్నాడు. నాలుగువైపులా అద్దాలు, అద్దాల అవతల కనుచూపు మేర మనిషి చేసిందంటూ ఏదీ లేదు. ఇంత పెద్ద చోటు ఎవరిదని అడిగితే ప్రభుత్వానిదంటారు. ప్రభుత్వమంటే అందరూ. అందరిదీ అయిన దానికి కాపలా ఒక్కడు. దేవుడు కూడా ఇలాగే ఎక్కడో ఒక గదిలో ఒక్కడే కూర్చుని చూస్తుంటాడా? సాయంత్రమైతే ఆయన్ని ఎవరు పిలుస్తారు? అడగకూడని ప్రశ్నేమో అనుకుని లెంపలు వేసుకున్నాడు. ప్రశ్న మాత్రం పోలేదు.

పిచ్చివాడు కాదు. అది అతనికి తెలిసిపోయింది. తెలిస్తే చాలదు.

తీగ ఎప్పుడు తీశాడు? తీసేవాళ్ళు తీసేముందు చెబుతారు. చెబితే అక్కడ బిళ్ళ తిరుగుతుంది. ఆ ఆపరేటర్‌ని బిళ్ళ సంగతి అడిగాడు, ఐదో బిళ్ళ సంగతి అడగలేదు. ఆమె డ్యూటీ ఎక్కింది వాన మొదలయ్యాక. మరి మాట వచ్చేసరికి...

రెండో టవరు పలికినప్పుడు గోడమీదికి చాచిన చెయ్యి కళ్ళముందు కదిలింది. తల తిప్పకుండా, మాట ఆపకుండా, దానంతటదే పనిచేసిన చెయ్యి.

డిటెక్టివ్ లేచాడు. దూరంగా మొదటి ఉరుము దొర్లింది. కొక్కేనికున్న ముడి విప్పి, తీగని రేడియోకి తగిలించి మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. కాలిపోయిన రేడియో శుభ్రంగా ఊపిరి పీల్చుకుంది.

"ఐదో టవర్," అన్నాడు.

అవతల ఆపరేటర్ గొంతు, వణుకుతూ. "ఐదో టవర్... ఎవరు?"

"భయపడకమ్మా. పొద్దున్న నిలబడే మాట్లాడానే, ఆ మనిషిని. ఒక్క సంగతి అడుగుతాను, తాపీగా గుర్తుచేసుకుని చెప్పు. ఆ సాయంత్రం నువ్వు డ్యూటీ ఎక్కినప్పుడు ఐదో బిళ్ళ ఎటువైపు ఉంది?"

గరగర. ఇంకో ఉరుము, ఇందాకటికన్నా దగ్గరగా.

"నల్లవైపు సార్."

"మాట వచ్చాక?"

"తెల్లవైపు."

"ఎవరు తిప్పారు?"

"నేనే సార్. గొంతు వినిపిస్తే తిప్పేస్తాం. తీగ తగిలిస్తేనేగా గొంతు వచ్చేది, అందుకని. ఎవరూ అడగలేదు. నాకూ... అయ్యో సార్, అంత వానలో అతను తీగ ఎందుకు తగిలిస్తాడు?"

"తగిలించలేదు. తీగ ఇప్పటిదాకా కొక్కేనికే ఉంది. నా చేత్తో నేనే విప్పాను. నువ్వు విన్న మాట ఈ టవర్లోంచి రాలేదు."

అంటున్నప్పుడే మిగతాదంతా దానంతటది వచ్చి పక్కపక్కన కూర్చుంది. ఐదో టవరు మనిషి దిక్కు కొలిచాడు. మబ్బు రాగానే తీగ తీస్తున్నానని చెప్పి తీశాడు. జోళ్ళు విప్పి పీట ఎక్కాడు. పిడుగుల్లో ఆ పీట దిగకూడదని అతనికి తెలుసు. అయినా దిగాడు. ఎందుకు దిగుతాడు? ఎవరో పిలిచారు. ఎన్నాళ్ళకో ఒక మనిషి గొంతు, మెట్లమీద నుంచి, వానలో. ఒక్కళ్ళు మాట్లాడితే ప్రాణం పెట్టి వింటాడని వాళ్ళక్క అంది. గొలుసు తీసి చెయ్యి అందించడానికి వట్టికాళ్ళతో వసారాలోకి పరిగెత్తి ఉంటాడు. అందించిన చేతినే పట్టి లాగారు.

ఆ వచ్చినవాడికి ఇక్కడి పద్ధతులన్నీ తెలుసు. తెలుసు కాబట్టే పిడుగుల్లో ఈ రేడియోని ముట్టుకోలేదు, ఇత్తడి చక్రాన్ని తిప్పెయ్యలేదు. తోటిమనిషిని చంపడానికి భయపడనివాడు తీగ ముట్టుకోవడానికి భయపడ్డాడు. కిందికి దిగి, తన సెట్‌లో, చచ్చినవాడి పేరుమీద మాట్లాడాడు. తీగ సంగతి ఎవరూ పట్టించుకోరనుకున్నాడు. పొద్దున్న వచ్చి తగిలిద్దామంటే అప్పటికే పోలీసులున్నారు. టవర్లు కాక ఈ లైనుమీద ఉన్న సెట్ ఒక్కటే.

డిటెక్టివ్ చెయ్యి మీటమీద బిగుసుకుంది. అతనిక్కడ మాట్లాడిన ప్రతి మాటా ఆ సెట్‌లో కూడా వినిపిస్తుంది.

అనుకున్నట్టుగానే లైను గరగరమంది.

"సార్, రేంజరుని. పిడుగులు దగ్గరికొచ్చేశాయి. ఇంక మాట్లాడకండి, తీగ తీసెయ్యండి. మీకెందుకు, నేనే పైకొచ్చి తీసుకెళ్తాను."

మాటతీరు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. ఉరుముల గరగరలో మాటలు మాత్రం అరిగిపోయి, ఎవరిదో తెలియని గొంతులా వినిపించాయి. ఆ గరగర ఆగాక ఆపరేటర్ చాలా నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది.

"సార్. ఆ రోజు విన్నది ఇదే."

అద్దాలన్నీ ఒక్కసారి తెల్లబడ్డాయి. డిటెక్టివ్ బూట్లు విప్పి పారేశాడు. చేతి గడియారం తీసి పరుపుమీదికి విసిరాడు. పీటని కాలితో రేడియో దగ్గరికి జరుపుకుని ఎక్కాడు. మీట ప్లాస్టిక్‌దే, తీగ మాత్రం రాగిది. ఆ సంగతి మనసులో పెట్టుకుని, చెప్పాల్సింది ఏదీ వదలకుండా చెప్పాడు. తీగ కొక్కేనికి ఉండటం, జోళ్ళు, వెంట్రుక చూపించిన చోటు, రెండు కొండల నడుమ వాడిన కొమ్మలు. ఇన్‌స్పెక్టర్ ఊళ్ళోకి చేరేదాకా ఫోనుకి దొరకడు. దొరికిన మరుక్షణం ఆమె చెప్పాలి. రేపు పొద్దున్న సంఘం ముందు నిలబడి బిళ్ళ సంగతి తన నోటితోనే చెప్పాలి.

"నా మాట నమ్ముతారా సార్? తిప్పింది నేనేగా."

"తిప్పానని చెప్పేవాళ్ళనే నమ్ముతారమ్మా."

అప్పుడు లైనుమీద ఇంకో గొంతు వచ్చింది. ముసలి గొంతు, పొద్దున్న విన్నదే.

"రెండో టవర్. విన్నాను."

కాస్త ఆగి ఇంకోటి. "నాలుగో టవర్. విన్నాను. ఆ వాడిన కొమ్మలు నాకూ ఒక పక్కనుంచి కనిపిస్తాయి. రేపు నేనూ వస్తాను."

"ఒకటి. విన్నాను."

"ఆరు. అంతా విన్నాను."

"మూడో టవర్." దగ్గు. "ఉన్నాను. విన్నాను."

ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని మనుషులు. ఒక్కొక్కరూ ఒక్కో కొండమీద, ఒక్కో అద్దాల గదిలో, ఒక్కో గ్లాసుతో. అద్దం అవతల పొడుగ్గా ఒక మెరుపు అడవిలోకి దిగింది. చప్పుడు దాని వెంటే వచ్చింది.

"అమ్మా, ఐదో బిళ్ళ నల్లవైపుకి తిప్పు," అన్నాడు. "నేను నీ గదిలోకొచ్చి, నీ ఎదురుగా నిలబడి చెప్పేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఐదో టవర్ అని ఎవరు పలికినా సరే. నా గొంతులా ఉన్నా సరే."

"తిప్పాను సార్." ఏడుపు ఆపుకుంటున్న గొంతు. "రెండో కుర్చీ వేసి ఉంచుతాను."

"ఐదో టవర్. తీగ తీసేస్తున్నా."

తీశాడు. కొక్కేనికి చుట్టి, చివర ముడివేశాడు. ఎర్రదీపం ఆరింది. ప్రపంచంలో ఉన్న గొంతులన్నీ ఒక్కసారి పోయినట్టయింది. వాన అద్దాలమీద పడటం మొదలైంది. పీటమీద నిలబడి, చేతులు దగ్గరికి చేర్చుకుని, రోజూ చెప్పుకునే నాలుగు మాటలూ చెప్పుకున్నాడు. జవాబు రాలేదు. అయినా ఎవరో వింటున్నట్టే అనిపించింది.

అంతలో ఇనప మెట్లు మోగాయి. రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కుతున్న అడుగులు, వడివడిగా, ఎక్కడా ఆగకుండా, మెలిక తరవాత మెలిక పైకొస్తున్నాయి. గొలుసు దగ్గర, వసారాకి సరిగ్గా కింద, ఆగిపోయాయి.

వాన చప్పుడులోంచి మెత్తని గొంతు పిలిచింది.

"సార్, మోకాలు పట్టేసింది. ఒక్కసారి బయటికొచ్చి చెయ్యి అందిస్తారా?"